పేరమ్మ కలిపిన జంట

ఆసుపత్రిలో తీసిన స్కాన్ బొమ్మలన్నీ కంప్యూటర్లో భద్రపరిచి, అడిగిన డాక్టరుకల్లా పంపడం ఆవిడ పని. అసలు పేరు ఎవరికీ గుర్తులేదు. అందరికీ పెళ్లిళ్ల పేరమ్మే. ఒకే మనిషి పొరపాటున రెండు పేర్లతో నమోదై, బొమ్మలు చెరోచోట పడి ఉంటే, వెతికి పట్టుకుని ఒక్కటి చేయడంలో ఆవిడని మించినవాళ్లు లేరు మరి. "ఇవాళ ఎంతమందిని కలిపావు పేరమ్మా?" అని ఇంట్లో మొగుడు కూడా ఆటపట్టించేవాడు.

పోయిన నెలా అలాంటి జంట ఒకటి దొరికింది. ఇంటిపేరు ఒకటే, పుట్టినరోజు ఒకటే, స్కాన్ తీసిన పూటా ఒకటే. పేరులో ఒక్క అక్షరం తేడా. "కౌంటర్లో పిల్ల చూసి టైపు చేసి చస్తేగా!" అని విసుక్కుంటూ ఇట్టే కలిపేసింది. రెండు ఫోన్ నంబర్లలో ఒకటి ఉంచి, రెండోది తీసేసింది. బొమ్మలు తెరిచి చూస్తే ఏం పోయేది? చూడలేదు.

ఈ ఉదయం ఆపరేషన్ గది నుంచి నర్సు ఫోన్ చేసింది. "పేరమ్మగారూ, ఎడమ కిడ్నీ తీసే కేసు. ఇంకాసేపట్లో మత్తు ఇచ్చేస్తారు. ఇక్కడ రెండు సెట్లు కనిపిస్తున్నాయి, ఏది తెరమీద పెట్టమంటారు?"

రెండూ పక్కపక్కన తెరిచింది. ఒకదాంట్లో రెండు కిడ్నీలున్నాయి, ఎడమదాని మీద గడ్డ. రెండోదాంట్లో ఎడమవైపు ఒక్కటే ఉంది. కుడివైపు ఖాళీ.

కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ చూసింది. ఒకే పూట ఒకే మనిషికి ఒక కిడ్నీ, రెండు కిడ్నీలూ ఎలా ఉంటాయి? వీళ్లు ఇద్దరు! లోపల పడుకున్నది ఆ ఒక్క కిడ్నీ మనిషైతే? ఉన్న ఒక్కటీ కోసేస్తారు. ఇదంతా తన నిర్వాకమే.

"ఆపించండి! వాళ్లు ఇద్దరు మనుషులు! నేనే కలిపేశాను!" అని ఫోన్లో అరిచి, చెప్పులు కూడా మరిచిపోయి పరిగెత్తింది.

ఆపారు. మళ్లీ స్కాన్ చేసి చూస్తే, లోపలావిడకి నిజంగానే ఒక్కటే కిడ్నీ, నిక్షేపంలా ఉంది. మంచాన్ని బయటికి తోసుకొచ్చారు. ఆవిడ అయోమయంగా చూస్తోంది.

"తప్పు జరిగిందమ్మా. ఆ గడ్డ మీది కాదు," అంది పేరమ్మ.

బెంచీ మీద కూర్చున్న ఒకావిడ ఒక్క ఉదుటున వచ్చి పేరమ్మ చేతులు పట్టేసుకుంది. "నీ నోట్లో చక్కెర పొయ్య! మా చెల్లికి ఏమీ లేదా? ఇన్నాళ్లూ దీన్ని ఓదార్చలేక చచ్చాననుకో!" ఏడుస్తూనే నవ్వుతోంది.

పేరమ్మ ఆ ముఖం చూసింది. మంచం మీది ముఖం చూసింది. అదే ముక్కు, అవే కళ్లు. కవలలు.

"మీరు కూడా... ఇక్కడ స్కాన్ తీయించుకున్నారా?"

"ఆఁ, దీనికి తోడుగా వచ్చి, పన్లోపనిగా నేనూ తీయించుకున్నా," అంది అక్క, ఆ చేతులు వదలకుండానే. "నాకెవరూ ఫోన్ చేయలేదు. అంటే నాకేం లేదనేగా?"