పోర్చుగల్‌లో అత్త పట్టుకున్న గ్లాసు

మా మేనత్త పోయిందని పాతపట్నం నుంచి ఫోన్ వచ్చేసరికి నేను విజయనగరంలో పిల్లల పరీక్ష పేపర్లు దిద్దుతున్నాను. చేసింది అక్కడి చర్చి పాస్టరుగారు. "అమ్మా, మీ అత్తగారు తెల్లారగట్ల ప్రభువునందు నిద్రించారు" అన్నారు. ఆయన గొంతు సవరించుకుని, "ఇలాంటప్పుడు అడక్కూడదు గానీ, ఆ పోర్చుగల్‌లో ఆవిడ నిజంగా తాగారా? పక్కనున్నది మీరే కదా. తాగలేదని మీరొక్క మాటంటే పెట్టెని చర్చిలోకి తీసుకెళ్ళడానికి పెద్దల్ని ఒప్పిస్తాను. లేదంటే ఇంటి దగ్గరే ప్రార్థన చేసి సమాధుల తోటకి తీసుకెళ్ళిపోవాలి" అన్నారు.

"వచ్చి చెబుతానండి" అని పెట్టేశాను. నా నోరు మంచిది కాదని మా వాళ్ళలో పేరుంది. ఇంకాసేపు లైన్లో ఉంటే ఆయన్ని ఏమనేదాన్నో. పాపం ఆయన మంచివాడే.

పాతపట్నం వెళ్ళే బస్సులో దారి పొడుగునా ఏడుస్తూ, మధ్యలో కోపం తెచ్చుకుంటూ అనుకున్నవే మీకిక్కడ చెబుతున్నాను.

మాది బాప్టిస్టు కుటుంబం. మా చర్చిల్లో నెలనెలా మొదటి ఆదివారం ప్రభు బల్ల. రొట్టె ముక్క, చిన్న గ్లాసులో ద్రాక్షరసం. పులిసినదీ, మత్తు కలిగినదీ బల్ల మీదకి రాకూడదు. పాతపట్నంలో ఆ రసం కొట్లో కొనరు. శనివారం పొద్దున్నే నల్ల ఎండుద్రాక్ష నానబెట్టి, సాయంత్రం ఉడకబెట్టి, చేత్తో పిసికి, తెల్ల గుడ్డలో వడకట్టాలి. అది మా అత్త చెయ్యాలి. అంతకు ముందు వాళ్ళ అత్తగారు చేసేది. ఒకసారి అత్తకి జ్వరమొచ్చి ఇంకెవరో చేస్తే, గొంతు దిగలేదని ముసలాళ్ళు గొడవ చేశారట. అప్పట్నుంచి జ్వరమొచ్చినా ఆవిడే. పొయ్యి ముందు కుర్చీ వేసుకుని కూర్చుని గరిటె తిప్పేది.

"ఎంత భాగ్యమమ్మా నీది" అనేవారు ఊళ్ళో ఆడాళ్ళు. "భాగ్యమే, కాదన్నానేటి" అనేది అత్త. వాళ్ళు వెళ్ళాక నావైపు తిరిగి, "భాగ్యమైనా మెడకి కట్టీసినాక బరువేనే" అని నవ్వేది. చిన్నప్పుడు నాకది అర్థమయ్యేది కాదు.

ఆవిడకో అలవాటుండేది. ఎక్కడికెళ్ళినా గుమ్మం పక్కనే కూర్చునేది. పెళ్ళిళ్ళలో ముందు వరసలోకి రమ్మని చెయ్యి పట్టి లాగినా, "ఇక్కడ గాలొస్తాది" అని కదిలేది కాదు. గాలి లేని చోట కూడా అదే మాట.

మా నాన్న ఆవిడకి ఒక్కగానొక్క తమ్ముడు. ఆయన పోయింది మొదటి ఆదివారం ముందు శనివారం నాడు. కబురు అందేసరికి అత్త పొయ్యి మీద ద్రాక్ష ఉడుకుతోంది. "అది కాస్తా దింపీసి ఎల్లమ్మా, రేపు బల్లకి ఏటి పెడతాం?" అన్నారు సంఘ పెద్దగారు. అది దింపి, పిసికి, వడకట్టి, సీసాలకెత్తేసరికి ఆఖరి బస్సు పోయింది; మర్నాడు ఆవిడ విజయనగరం చేరేసరికి నాన్నని మట్టిలో పెట్టేశాం. సమాధుల తోట గేటు దగ్గర ఆవిడ నన్ను పట్టుకోబోతే విదిలించుకున్నాను. ఆ తరవాత చాలా ఏళ్ళు ఆవిడతో పొడిపొడిగానే ఉన్నాను. తమ్ముడి కంటే ద్రాక్షరసం ఎక్కువైందా అని నా కడుపు మంట.

మరి పోర్చుగల్ ఎలా వెళ్ళామంటే, అదీ ఈ ఆదివారాల మూలానే. చర్చి వాళ్ళు యెరూషలేము యాత్ర పెట్టినప్పుడు అత్త పాస్‌పోర్టు తీయించుకుంది. తీరా చూస్తే మధ్యలో మొదటి ఆదివారం వస్తోంది. అందరూ వెళ్ళారు, అత్త ఉండిపోయింది. ఆ తరవాత మా కాలేజీలో ఒక స్నేహితురాలూ నేనూ విశాఖ నుంచి ఓ టూరుకి పేర్లిచ్చాం. ఆ స్నేహితురాలు కాలు విరగ్గొట్టుకుంది. ఇంట్లో పాస్‌పోర్టు ఉన్న ఆడమనిషి ఇంకెవరని వెతికితే అత్తే తేలింది. ఫోన్ చేసి పొడిగానే అడిగాను. ఏ దేశం, ఏం చూపిస్తారు, ఏమీ అడగలేదు. "ఏ తారీకుల్లోనే?" అంది. చెప్పాను. లోపల గోడ క్యాలెండరు చూసొచ్చినట్టుంది, "రెండు మొదటి ఆదివారాల నడుమ పడతన్నాది. వస్తాను" అంది. అలా యెరూషలేము చూడని మనిషి పోర్చుగల్ చూసింది.

మోన్సరాజ్ అని కొండ కొసన ఓ ఊరు. చుట్టూ రాతి కోటగోడ, లోపల సున్నం కొట్టిన తెల్లటి ఇళ్ళు, పలకరాయి పరిచిన సన్నటి వీధులు. బస్సు కిందే ఆపి నడిపించారు. గైడు చిన్నపిల్ల, ఎర్ర గొడుగు ఎత్తి పట్టుకుని ముందు నడుస్తూ ఇంగ్లీషులో చెబుతుంటే నేను అత్తకి తెలుగు చేస్తున్నాను. శత్రువులొస్తే ద్వారాలు మూసేసేవాళ్ళట. వాననీళ్ళు పట్టుకోడానికి లోపలే పెద్ద తొట్టి కట్టుకున్నారట. నెలల తరబడి ఎవరూ బయటికెళ్ళేవాళ్ళు కాదట.

"బయటికి ఎన్ని దారులున్నాయో అడుగు" అంది అత్త.

నాలుగు ద్వారాలని చెప్పింది ఆ పిల్ల.

"నాలుగుండీ ఎల్లలేకపోనారా" అంది అత్త.

గోడ మీదకెక్కితే కింద పెద్ద జలాశయం, దాని అవతల స్పెయిన్. "మన పాతపట్నం నుంచి చూస్తే ఒడిశా పర్లాకిమిడి ఉన్నట్టే కదా అత్తా, అవతల ఇంకో దేశం" అన్నాను నవ్వించడానికి. ఆవిడ గోడ పట్టుకుని అటే చూస్తూ, "తమ్ముడి మొహం సూణ్ణేదే నాను. మట్టి కప్పీసినారు" అంది. "గరిటె ఒగ్గీసి వచ్చీవలసింది. కాళ్ళు రాలేదే. ఎవుడూ తాళ్ళేసి కట్టలేదు. కాళ్ళే రాలేదు." ఎండలో ఆ రాతిగోడ మీద ఇద్దరం కూర్చుని ఏడ్చాం. టూరు వాళ్ళు మమ్మల్ని దాటుకుంటూ ఫొటోలు తీసుకున్నారు. నా కోపమంతా అక్కడే పోయింది.

ఆఖర్న వైను రుచి చూపించే చోటికి తీసుకెళ్ళారు. రాతి గది, మన నీళ్ళ గోలేల్లాంటి మట్టి కుండలు, మనిషి కంటే ఎత్తు. అందులోనే పులియబెడతారట. తలో గ్లాసూ ఇచ్చి కాస్త కాస్త పోస్తున్నాడు ఒకాయన, అత్త ఈడువాడే. అత్త గుమ్మం దగ్గర నిలబడింది. ఆయనే గ్లాసు పట్టుకుని అక్కడికి వచ్చాడు. వద్దనలేక పుచ్చుకుంది.

"ఎన్నాళ్ళగా సేస్తన్నాడో అడుగు" అంది. తాతల నుంచీ అన్నాడు.

"ఇష్టమై సేస్తన్నాడా అడుగు."

అడగడానికి నాకే మొహమాటమేసింది. అయినా గైడుతో అడిగించాను. ఆయన గ్లాసు తుడవడం ఆపేసి, కుర్రతనంలో ఓడల మీద పనికి వెళ్దామనుకున్నాననీ, ఇంతలో ద్రాక్ష కోతలొచ్చాయనీ, తండ్రికి ఒంట్లో బాగోక ఆ ఒక్క ఏడాదికి ఆగుదామనుకున్నాననీ చెప్పాడు.

"ఓలమ్మ! నానూ ఆ ఒక్క నెలకే అనుకున్నాను" అంది అత్త. "మా అత్తకి ఒంట్లో బాగోక, ఈ నెలకి నువ్ సెయ్యమ్మా అంది."

అది ఆయనకి చేరేసరికి ఇద్దరూ ఒకళ్ళనొకళ్ళు చూసుకుని పకపకా నవ్వారు. అత్త గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకుని కళ్ళు మూసుకుంది. "అచ్చం శనారం సాయంత్రం నా వంటిల్లే" అని నా చేతికిచ్చేసింది. "పారబొయ్యకు, తాగీయే." తాగేశాను. నా గ్లాసూ, అత్త గ్లాసూ రెండూ నేనే తాగాను, అందుకే ఇంత గట్టిగా చెప్పగలుగుతున్నాను. ఆవిడ నాలిక మీద చుక్క పడలేదు.

ఆవిడ కళ్ళు మూసుకున్న ఆ క్షణంలోనే మాతో వచ్చిన సాలూరు లారీల వాళ్ళావిడ ఫొటో తీసింది. కల్లాకపటం లేని మనిషి. పాతపట్నంలో ఉన్న చెల్లెలికి పంపి, "మీ ఊరావిడ ఎంత హుషారో చూడు" అని రాసింది. మేం రాత్రి అన్నాలకి కూర్చునేసరికే అది చర్చి గ్రూపులో తిరుగుతోంది.

తిరిగొచ్చాక పెద్దలు కూర్చోబెట్టారు. నేనూ పక్కనే ఉన్నాను. "తాగలేదని ఒక్క మాట సెప్పమ్మా, ఇక్కడితో వదిలేద్దాం" అన్నారు పెద్దగారు. నేను నోరు తెరవబోయాను. అత్త నా తొడ మీద గిల్లిన గిల్లుకి వారం రోజులు మచ్చ పోలేదు.

"ఫొటో సూసేరు కదా. మీకేటి అనిపిస్తే అదే" అంది అత్త.

పెద్దలు మొహాలు చూసుకున్నారు. ఆవిడని ప్రభు బల్లకి రాకుండా ఆపేశారు. రసం పని పెద్దగారి కోడలికి అప్పజెప్పారు. బయటికొచ్చాక నేను రోడ్డు మీదే కేకలేశాను. "నీకేమైనా మతి పోయిందా? ఎందుకు చెప్పనివ్వలేదు?"

"అరవకే. మానేస్తానని నానంటే ఒగ్గుతారేటి? ఆలే తలుపు తీసినారు. మళ్ళీ మూసీమంతావా?" అంది. చెంగుతో మొహం తుడుచుకుంది. "నువ్ ఎవులికీ సెప్పకు."

ఊరికే రాలేదు ఆ స్వేచ్ఛ. ఆ తరవాతి మొదటి ఆదివారం ఇంట్లో కూర్చుంటే చర్చి మైకులో పాటలు వినబడుతున్నాయట. నాకు ఫోన్ చేసి, "ఆకలేస్తన్నాదే" అని ఏడ్చింది. దేవుడంటే ప్రాణం ఆ మనిషికి. ఆ బల్ల దగ్గర చెయ్యి చాపలేకపోవడం ఆవిడకి చిన్న శిక్ష కాదు. వెళ్ళి నిజం చెప్పేస్తానన్నాను. "సంపీగల్ను" అంది.

పై నెల నుంచి బస్సులెక్కడం మొదలెట్టింది. మొదటి ఆదివారం పొద్దున్నే స్టాండుకెళ్ళి, ఏ బస్సు కదలబోతుంటే అదెక్కడం. ఓసారి సాలూరు నుంచి ఫోన్ చేసి, "ఊరంతా లారీలేనే. ఏదెక్కినా ఏదో దేశం ఎలిపోవచ్చు" అంది. ఓసారి రామతీర్థం కొండ కింద కూర్చుని జంతికలు తింటున్నానంది. "ఏం చూశావత్తా?" అంటే, "ఏటీ సూణ్ణేదు. కూసున్నాను" అనేది. ఆ గొంతులో అంత హాయి నేనెప్పుడూ వినలేదు. ఒక్కటే బెంగ ఆవిడకి. "నా మెడలోది తీసి ఆ గుంట మెడలో ఏసీసేనేమోనే" అనేది పెద్దగారి కోడలి గురించి. పిలిచి దగ్గర కూర్చోబెట్టుకుని పని నేర్పింది కూడా ఈవిడే.

ఇవన్నీ తలచుకుంటూ పాతపట్నంలో దిగాను. పెట్టె ఇంటి ముందు షామియానా కింద ఉంది. పాస్టరుగారు ఎదురొచ్చారు. వెనకాల పెద్దగారు, ఇంకో ఇద్దరు. "ఒక్క మాట చెప్పండమ్మా" అన్నారు. అందరూ నా నోటి వంకే చూస్తున్నారు. తాగలేదంటే చాలు, అత్త చర్చిలోకి వెళ్తుంది. కానీ ఆవిడ బతికున్నన్నాళ్ళూ దాచుకున్న మాటని, లేచి నా నోరు మూయలేని రోజు చూసి అమ్మేసినట్టవుతుంది.

"ఫొటో చూశారు కదండీ" అన్నాను. ఏడుపు తన్నుకొచ్చింది.

పెద్దగారు తల అడ్డంగా ఊపి వెనక్కి తిరిగారు. అప్పుడు ఆడవాళ్ళలోంచి ఆయన కోడలు లేచింది. ఎప్పుడూ మామగారి ముందు గొంతెత్తని పిల్ల. "మావయ్యా, ఇన్నాళ్ళూ మీరు బల్ల దగ్గర తాగతన్న రసం ఆవిడ నేర్పిందే. అది మీకు పనికొచ్చినాదా? మరి ఆవిడెందుకు పనికిరాదు? పెట్టె చర్చిలోకి ఎత్తండి" అంది. ముందు పాస్టరుగారే వంగి పెట్టె పట్టుకున్నారు.

సమాధుల తోటలో మట్టి వేసేటప్పుడు ఆ పిల్ల నా పక్కన నిలబడింది. ద్రాక్ష పిసికి పిసికి వేళ్ళ కొసలు ఊదారంగు తిరిగిపోయున్నాయి. పుట్టింటికెళ్ళి ఎన్నాళ్ళైందో అడగబుద్ధేసింది, అడగలేదు. తనే వంగి మట్టి తీసుకుని, సొంత అక్కని పిలిచినట్టు పిలిచి చెవి దగ్గర గొణిగింది. "అప్పా, నిజం సెప్పు. తాగినాదా?"

ఈ పిల్లకి చెప్పొద్దని అత్త అనదనిపించింది. "లేదు. ఊరికే వాసన చూసింది, అంతే" అన్నాను.

"మరి ఆలడిగితే లేదని సెప్పలేదేం?"

నేను తన ఊదారంగు వేళ్ళ వంక చూశాను. కాసేపటికి ఆ పిల్ల మొహం మారింది. కళ్ళు పెద్దవయ్యాయి. నోటికి చెంగు అడ్డం పెట్టుకుంది. ఏడుస్తోందనుకుని చుట్టూ ఉన్నవాళ్ళు జాలిగా చూశారు. ఏడవడం లేదని పక్కనున్న నాకు తెలుస్తూనే ఉంది.

"రామ్మా, బేగి రా. రేపు బల్ల కదా, నానిన ద్రాక్ష ఉడకబెట్టాల" అని గేటు దగ్గర్నుంచి పెద్దగారు పిలిచారు.

"వస్తన్నాను మావయ్యా" అంది.

అందరూ వెళ్ళిపోతున్నారు. ఆ పిల్ల మాత్రం గుప్పెట్లో మట్టి అలాగే పట్టుకుని, వాళ్ళు వెళ్ళే గేటు వైపు కాకుండా, గోడ అవతల రోడ్డు మీద పోతున్న బస్సు వైపు చూస్తూ నిలబడింది.