దగ్గని దాన్ని ఎవరూ అనుమానించలేదు

ఆ ఆదివారం అమ్మ ఏడాది కారానికి ఎండుమిరపకాయలు వేయిస్తోంది. ఘాటుకు పక్కింటి అత్త తలుపులు బిగించుకుంది. వీధికుక్క వేరే వీధి చూసుకుంది. నేను మాత్రం పెనం పక్కనే కూర్చుని సోషల్ చదువుకుంటున్నాను. తుమ్ము లేదు, దగ్గు లేదు.

"నీ ముక్కు పనిచేస్తందా ఏందే?" అంది అమ్మ, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని.

ధైర్యం అనుకున్నాను.

అప్పుడు నాది టెన్త్. కరోనాకు మూసిన బళ్లు తెరిచిన కొత్త. నరసరావుపేటలో మా స్కూలు గేటు దగ్గర థర్మామీటర్ గన్, శానిటైజర్ సీసా చేతికిచ్చి నన్ను మాస్క్ మానిటర్‌ని చేశారు. ఎండలో ఆ గన్ గోడకు కూడా జ్వరం చూపించేది. అందుకని నా అనుమానాన్నే నమ్ముకున్నాను. మాస్క్ గడ్డం కిందికి జారినవాళ్ల మీద అనుమానం. సరిగ్గా పెట్టుకున్నవాళ్ల మీద ఇంకొంచెం ఎక్కువ.

అందరికన్నా ఎక్కువ షాహీన్ మీద. నా బెంచీయే. వాళ్లిల్లు కారం మిల్లు వెనక. రోజూ దగ్గుతూనే వచ్చేది.

"మిల్లు ఘాటే. చానా కాయ ఆడిస్తన్నారు."

"అందరూ అట్టనే అంటారు."

మిరప సీజన్‌లో ఏ దగ్గునైనా మిరపకాయ మీదికి నెట్టేయడం మా ఊరి అలవాటు. దాన్ని మాన్పించే బాధ్యత నాదే అనుకుని, టీచరుకు చెప్పి షాహీన్‌ను రెండుసార్లు ఇంటికి పంపించాను.

రెండోసారి పోతూ పోతూ, "ఊరంతా దగ్గుతుంటే నువ్వొక్కదానివి దగ్గవేందే? ముందు అది చూపించుకో," అంది. కుళ్లు అనుకున్నాను.

ఆ వారమే ఒక టీచరుకు కరోనా తేలడంతో క్లాసులో అందరికీ ఆర్‌టీపీసీఆర్ చేశారు. షాహీన్‌కు నెగిటివ్. నాకు పాజిటివ్.

"వాసన ఎన్నాళ్లనుంచి తెలీట్లేదమ్మా?" అన్నారు డాక్టరు.

"ఐదు రోజులేమో సార్."

"మరి చెప్పలేదే?"

"దగ్గు లేదు కద సార్."

ఆయన చీటీ రాస్తూ, "ఇంట్లో షుగర్ ఎవరికైనా ఉందా?" అన్నారు.

అమ్మకుంది. ఇంట్లో ఉండేది మేమిద్దరమే. బళ్లో ఆరడుగుల దూరం కొలిచి నిలబెట్టిన నేను, ఇంటికి రాగానే మాస్క్ మేకుకు తగిలించి అమ్మ కంచంలోనే తినేదాన్ని.

నాకు రెండు రోజుల జ్వరంతో పోయింది. అమ్మకు నాలుగో రోజున మొదలై, చూస్తుండగానే ఆయాసంలోకి దిగింది. ఆక్సిమీటర్‌లో శాచురేషన్ ఎనభై ఎనిమిది. ఆస్పత్రిలో సీటీ తీసి, "లంగ్స్‌లో ప్యాచెస్ ఉన్నాయి. మూడు రోజులు ఏమీ చెప్పలేం," అన్నారు. నేనూ పాజిటివే కాబట్టి వార్డులో తోడుండనిచ్చారు. పాజిటివ్ వల్ల నాకు జరిగిన మేలు అదొక్కటే.

స్టెరాయిడ్స్‌తో షుగర్ పెరిగితే ఇన్సులిన్ ఇచ్చారు. ఐదో రోజు "పర్లేదు" అని ఆక్సిజన్ తీశారు. సాయంత్రానికి మళ్లీ పెట్టారు. అప్పట్నుంచి "పర్లేదు" అనే మాట మీద కూడా నాకు అనుమానమే.

మర్నాడు షాహీన్ క్యారియర్ తెచ్చి ఆస్పత్రి గేటు దగ్గర పెట్టి, దూరంగా జరిగి నిలబడింది.

"ఒసేయ్ మానిటర్, నుదురు చూపించు. ఇంటికి పంపించేస్తా."

"పంపించవే. అమ్మను కూడా పంపించు," అన్నాను.

నేను క్యారియర్ అందుకునేదాకా తను అక్కడే నిలబడింది. ఒక్కసారీ దగ్గలేదు.

శాచురేషన్ తొంభై ఐదు చూపించిన రోజు నేను నమ్మలేదు. ఆక్సిమీటర్ నా వేలికి కూడా పెట్టుకుని, మిషన్ బాగానే ఉందని తేల్చుకున్నాకే ఏడ్చాను. పన్నెండో రోజు డిశ్చార్జ్ చేశారు.

ఇప్పుడు నా డిగ్రీ అయిపోయింది. అమ్మ ఇప్పటికీ మేడమెట్లు సగంలో ఆగుతుంది. షాహీన్ ఏటా ఈ సీజన్‌లో దగ్గుతూనే ఉంటుంది. మిల్లు ఘాటంటే నమ్ముతున్నాను, చాలావరకు.

చదివేవాళ్లకు ఒక్కటే చెప్తాను. ఒంట్లో కొత్తగా ఏది వచ్చినా, ఉన్నది ఏది పోయినా, కారణం మీరే ఊహించుకుని ఊరుకోకండి. ఆ రోజే టెస్ట్ చేయించుకోండి. ఫలితం వచ్చేదాకా ఇంట్లో కూడా మాస్క్ తీయకండి.

మా ఇంట్లో ఇప్పుడు మిరపకాయలు వేయించేది నేనే. అమ్మ ఘాటు తగలకుండా వీధి చివర కూర్చుని ఫోన్ చేస్తుంది.

"ఏమే, తుమ్మావా?"

"తుమ్మానమ్మా."

"నాకు వినపళ్లా. ఇంకోటి తుమ్ము."