పుల్ల విరిచిన రాకెట్

ఇంజినీరింగ్ చదువుతున్న మా అమ్మాయి పొద్దున ఒక రాకెట్ బొమ్మ గీసి చూపించింది. "ఇది సింగిల్ స్టేజ్ నాన్నా. మధ్యలో ఏదీ వదిలెయ్యదు, మొత్తం మోసుకునే పోవాలె. అందుకే బరువు తగ్గించాలె."

నాకు నవ్వొచ్చింది. మణుగూరు దగ్గర మా ఊళ్లో, ఒక దీపావళికి చేతిలో రాకెట్ పట్టుకుని మా అక్క కూడా ఇదే ఆలోచించింది. "గీ పుల్ల బరువే గదరా! ఇరిచేస్తే ఇంకా పైకి పోతది."

విరిచి, రాయికి ఆనించి అంటించాం. అది పైకి పోలేదు. వాకిట్లో మెలికలు తిరిగి పత్తి గది మీదికి దూసుకుపోయింది. ఆ ఏడాది అప్పటిదాకా ఏరిన పత్తంతా అందులోనే ఉంది.

దోస్తులూ, పత్తి ఏరే రోజుల్లో దీపావళి వస్తే మీ ఇళ్లలోనూ పత్తి గది గుమ్మానికి తడి గోనెపట్టా కట్టేవాళ్లా? మా నానమ్మ ఏటా కట్టేది, మేం ఏటా నవ్వేవాళ్లం. రాకెట్ ఆ పట్టాకే తగిలి చుయ్యిమంటూ ఆరిపోయింది. తడి గోనె, కాలిన మందు కలిసిన ఆ వాసన ఇంకా నా ముక్కులోనే ఉంది.

తిట్లు తప్పవని తలలు వంచుకుని నిలబడ్డాం. నానమ్మ పట్టాను మళ్లీ తడిపి కట్టింది. ఆమెను తలచుకుంటే ఇప్పటికీ చేతులు జోడించాలనిపిస్తుంది. ఎందుకంటే, ఆ తర్వాత పుల్ల ఉన్న రాకెట్ ఒకటి తెచ్చి అక్క చేతిలో పెట్టింది.

"గిప్పుడు ఇడువుండ్రి. నేను గూడ సూస్త."