బాదం వాసన

నేను నల్గొండ కాలేజీలో బి.ఎస్సీ. చదువుతున్న రోజులవి. ప్రాక్టికల్‌లో బెంజీన్ నుంచి నైట్రోబెంజీన్ తయారు చేస్తుంటే, బాదం వాసన వేసే ఆ పసుపుపచ్చ నూనె నా చేతి మీద ఒలికింది.

"వెంటనే సబ్బుతో కడుక్కో. చర్మంలోంచి రక్తంలోకి పోయే విషం అది. పెదవులు నీలమైతే దవాఖానకు పరుగెత్తాలి" అన్నారు లెక్చరర్.

ఎంత కడిగినా వాసన పోలేదు. ఎవరికీ చెప్పుకోలేక, ఓణీ కొంగు నోట్లో కుక్కుకుని ఇంటికి నడిచాను.

గుమ్మంలోనే అవ్వ నన్ను చూసి, "ఏమైందే బిడ్డా, పెదవులు గిట్ల నీలంగైనయి?" అంది.

మగ్గం నేస్తున్న బాపు పక్కన కూలబడి, "బాపూ, విషమెక్కింది. నన్ను దవాఖానకు తోల్కపో" అని ఏడ్చాను. బాపు ఒక్క ఉదుటున లేచి నన్ను ఎత్తుకోబోతూ, తడిసిన నా కొంగు చూసి ఆగాడు. అది ఆయనే నీలం రంగు వేసి నేసిన ఓణీ. తడిగుడ్డతో నా పెదవులు తుడిచాడు. నీలమంతా గుడ్డకు వచ్చేసింది.

"భయమైతే కొంగు నములుడు ఎప్పుడు బందు చేస్తవే?" అంది అవ్వ.

బాపు నవ్వలేదు. కొంగును వెలుతురులో పట్టి చూస్తూ, "నేనేసిన రంగు ఇడుస్తదా?" అన్నాడు. కొంగు పట్టుకున్న చేతులు మాత్రం వణుకుతూనే ఉన్నాయి.

ఇప్పటికీ ఎక్కడైనా బాదం వాసన తగిలితే, నా భయం కంటే ముందు ఆ చేతులే గుర్తొస్తాయి.