బావగారి తెల్లబూట్లు

ఊళ్లో అందరూ ఆవిడను గునపం అంటారు. ఒంగదు, విరగదు, దిగిన చోట నేలను కదిలించకుండా బయటికి రాదు. ఆవిడ పొలంలోకి నీళ్లు వదిలే మడవ తిప్పితే కాలువ కూడా “ఎటు పొమ్మంటావమ్మా?” అని అడిగి మరీ పారుతుందట. నమ్మనివాళ్లు వెళ్లి కాలువనే అడగొచ్చు.

పొలం బావగారిది, అంటే మొగుడి అన్నది. కౌలు కట్టి, మొక్కజొన్న వేసి, కలుపు తీసి, కోసేది గునపమూ మొగుడూ. సర్కారిచ్చే సాగు సబ్సిడీ మాత్రం ఏటా బావగారి ఖాతాలో పడుతుంది. పొలం ఎవరిదైనా సరే, సబ్సిడీ సాగు చేసేవాళ్లకేనని రూలు. వాళ్లు పైరు నడిమధ్య నిలబడి ఫోటో దిగాలని ఇంకో రూలు. ఆ ఒక్క పూటకీ బావగారు పట్నం నుంచి కారులో దిగుతాడు. తమ్ముడి తలగుడ్డ చుట్టుకుని, తమ్ముడి పార భుజానేసుకుని, పుట్టు రైతులా నవ్వుతాడు. భోజనం వేళకి మళ్లీ పట్నంలో ఉంటాడు. సొమ్మొకడిది, సోకొకడిది!

“ఈ ఏడు ఫోటో నేను దిగుతా” అంది గునపం.

“పోనీలేవే, అన్నయ్యేగా. పొలం ఆయనది” అన్నాడు మొగుడు.

“పొలం ఆయనది, నడుంనొప్పి నాది. కావాలంటే అదీ తలగుడ్డలో మూటగట్టి ఇవ్వు.”

“కోపమొచ్చి పొలం లాక్కుంటే?”

“లాక్కోనీ. భయపడి బతికితే మాత్రం ఏం మిగిలింది?”

ఫోటో ముందురోజు సాయంత్రం కాలువనీళ్ల వంతు వాళ్లకొచ్చింది. ఏటా ఆ వంతు పక్కపొలానికి వదిలేసేవాళ్లు. బావగారి తెల్లబూట్లు తడవకూడదని పైరు గొంతెండబెట్టేవాళ్లన్నమాట. ఈసారి గునపం మడవ తీసింది. మోకాలెత్తు పైరు కడుపారా తాగింది.

పొద్దున్నే వచ్చిన బావగారు గట్టు మీదే ఆగిపోయాడు.

“ఏంటమ్మా ఇది? పొలమా, చెరువా?”

“మీరొస్తున్నారని పైరుకి తెలీదు బావగారూ. దాహమేసింది, తాగేసింది.”

ఫోటో తీయడానికొచ్చిన సర్వే ఉద్యోగి ఫోను తీశాడు. “గట్టు మీద కుదరదండీ. నడిమధ్యకి వెళ్లాలి.”

బావగారు పళ్లు బిగించి దిగాడు. బురద ఒక బూటును గుటుక్కున మింగేసింది. కొంగలా ఒంటికాలి మీద ఊగుతూ “ఒరేయ్ తమ్ముడూ, చెయ్యివ్వరా!” అని కేకపెట్టాడు.

తమ్ముడు చెయ్యిచ్చి గట్టెక్కించాడు. ఎక్కించాక, అన్న తలమీది తలగుడ్డ మెల్లగా విప్పి పెళ్లాం చేతికిచ్చాడు.

గునపం తలకు చుట్టుకుని, చీర ఎగ్గట్టి, నడిమధ్యకు నడిచింది. “సాగు చేసేది నేను. కొట్టండి ఫోటో!”

“పొలం నాదయ్యా!” అరిచాడు బావగారు.

“పొలం ఎవరిదని నేనడగలేదండీ” అంటూ ఉద్యోగి నొక్కేశాడు.

“కోతవ్వగానే ఖాళీ చెయ్యండి!”

“అలాగే బావగారూ. వచ్చే ఏడు మీరే దున్నుకోండి. వచ్చేటప్పుడు బూట్లతోపాటు ఒక నడుం కూడా తెచ్చుకోండి.”

సబ్సిడీ ఈసారి గునపం ఖాతాలో పడింది. పొలం ఉంటుందో ఊడుతుందో కోతలయ్యాక తేలుతుంది. కలుపుతీతలో దొరికిన తెల్లబూటు మాత్రం నడిపొలంలో కర్రకు వేలాడుతోంది. దాన్ని చూసి పిట్టలు పక్కూరి మీదుగా చుట్టుతిరిగి పోతున్నాయట. బూటు పంపించమని బావగారు కబురుపెట్టాడు.

“నడిమధ్యే ఉంది, దిగి తీసుకోమనండి” అంది గునపం. ఆ పూటే మళ్లీ మడవ తీసింది.