వేట నుంచి ఉత్త చేతులతో

అరకు దాటాక ఒక బస్టాపులో నేనూ నా భార్యా వాదించుకుంటున్నాం. కూడబెట్టిందంతా పెట్టి ఒక్కసారి విదేశం వెళ్లాలి. ఆకాశంలో ఆడే పచ్చటి వెలుగులు చూడాలి, నార్వే వెళ్దామంటుంది తను. నాది ఇంజినీరు లెక్క. సింగపూర్‌లో డబ్బు కట్టినవన్నీ కనిపిస్తాయి. నార్వేలో మబ్బు పడితే ఏదీ కనిపించదు, తిరిగొచ్చాక బంధువులు నవ్వుతారు.

పక్కన విల్లుతో ఒక ముసలాయన కూర్చున్నాడు. చైత్రమాసంలో మన్యం ఊళ్లు చేసుకునే ఇటుకల పండగకి ఆనవాయితీగా వేటకెళ్లి ఉత్త చేతులతో వస్తున్నాడట. అలా వచ్చినవాళ్ల మీద ఊరి ఆడవాళ్లు పేడనీళ్లు పోస్తారని చెప్పి తనే నవ్వాడు.

"చీకటి పడ్డాక వెళ్లొచ్చుగా తాతా?" అన్నాను.

"ఏటికి? పేడ కడిగితే పోద్ది బాబూ. యాటకెల్లకుండా ఇంట్లో తొంగున్నోడు దాక్కోవాల గానీ, నానేటికి?"

విల్లు భుజాన వేసుకుని, ఊరివైపు దారి మధ్యలోంచే నడిచాడు.

మేం నార్వే వెళ్లాం. ఉన్నన్ని రాత్రులూ మబ్బే.

"ఏటోయ్, అంత తగలేసి ఏటి చూసొచ్చారు?" అన్నారు మా బావగారు అందరి ముందూ.

"మబ్బులు," అన్నాను.

నా భార్య తలెత్తి చెప్పింది. "మళ్లీ వెళ్తాం అన్నయ్యగారూ. ఈలోగా పేడనీళ్లు కలిపి ఉంచండి."