మొగులమ్మ లెక్కల పీరియడ్

నేను బోర్డు వైపు తిరిగి రెండో సమీకరణం రాస్తున్నాను. వెనక ఆడపిల్లల బెంచీలోంచి ఒక మగ గొంతు, అదీ హిందీలో, నిద్రపోతున్నారా, తొందరగా కానివ్వండి అని గట్టిగా అరిచింది.

"అరే, జల్దీ కరో! సో రహే హో క్యా?"

సుద్దముక్క చేతిలోంచి జారి కింద పడింది. పదో తరగతి పిల్లలు నవ్వడానికి సందు దొరికితే వదలరు. ఆ రోజు ఒక్కరూ నవ్వలేదు. అందరూ కొయ్యబారిపోయి అంకిత సంచి వైపే చూస్తున్నారు.

అంకితా! తలెత్తకుండా రాసుకుపోయే పిల్ల. ఆ మధ్య నా గొంతు పోతే దగ్గరికొచ్చి, "మిరియాలేసుకొని పాలు తాగుండ్రి మేడం" అని పెద్దమనిషిలా చెప్పిన పిల్ల. సంచిలో చెయ్యి పెడితే ఫోను వెచ్చగా తగిలింది. కాల్ ఇంకా నడుస్తోంది. చెవి దగ్గర పెట్టుకున్నాను. ఏదో మిషను రొద, సీసాలు దొర్లుతున్న చప్పుడు. "ఎవరు?" అన్నాను. టక్కున కట్టయింది.

పాత కాల్స్ చూశాను. రోజూ అదే నంబరు. పేరు లేదు. రోజూ నా పీరియడ్‌లోనే, గంట కొట్టినప్పటి నుంచి మళ్ళీ గంట కొట్టేదాకా. "ఎవరే ఇతను?" అని ఎంత గద్దించినా ఆ పిల్ల పెదవి విప్పలేదు. కళ్ళ నీళ్ళు మాత్రం కారుతున్నాయి.

ఫోన్ల సంగతిలో నేను ఎవరి మాటా వినను. మా బడిలో కొత్తగా చేరిన సైన్సు మేడం ఇంద్రజ మొన్ననే మీటింగులో, "పిల్లల్ని ఫోన్లు తెచ్చుకోనిద్దామండీ, పాఠాలకు పనికొస్తాయి" అంది. "అయితే పాఠం కూడా ఫోన్నే చెప్పనివ్వు, మనం ఇంటికెళ్ళి పడుకుందాం" అన్నాను. హెడ్మాస్టరు వెంకటరామయ్య గారు నా పక్షమే. తరగతిలో ఫోను దొరికితే ఫోను బీరువాలోకి, పిల్ల టీసీతో ఇంటికి. ఆ నియమం పెట్టించింది నేనే.

చుట్టూ పాశమైలారం కంపెనీలు. కిరాయి గదుల్లో ఎక్కడెక్కడి కుర్రాళ్ళో ఉంటారు. స్టాఫ్ రూములో అందరి మనసులోనూ ఒకే మాట. పైకి మాత్రం ఎవరూ అనలేదు.

మర్నాడు తల్లిదండ్రులు హెడ్మాస్టరు గదికొచ్చారు. నేనూ ఇంద్రజా అక్కడే ఉన్నాం. తండ్రి దశరథ్ ట్రాలీ ఆటో నడుపుతాడు. తల్లి మొగులమ్మ ప్లాస్టిక్ తుక్కు గోదాంలో సీసాలు ఏరుతుంది. తెల్లవి ఒక కుప్ప, పచ్చవి ఒక కుప్ప, మూతలు ఒక సంచిలోకి. ఎండకు వాడిన మొహం, వేళ్ళ నిండా సన్నటి కోతలు. గుమ్మం దగ్గరే గోడకు ఆనుకుని నిలబడింది. ఆవిడ గొంతు నేను అంతకుముందు ఎప్పుడూ వినలేదు.

హెడ్మాస్టరు విషయం చెప్పగానే దశరథ్ మొహం నల్లబడిపోయింది.

"ఎవడే వాడు? చెప్తవా, చెప్పవా?"

అంకిత నేల చూపులు చూస్తోంది.

"సార్, మీరు టీసీ ఇచ్చుడేంది, నేనే మాన్పిస్త. రేపటి సంది నీ సదువు బంద్. ఇంట్ల పడుండు!" అంటూ చెయ్యెత్తాడు.

"దాన్ని కొట్టకు," అంది మొగులమ్మ. "వాడు లేడు, వీడు లేడు. ఆ నంబరు నాది."

దశరథ్ ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే ఉంది.

"నీదేంది? నీకు ఫోనెక్కడిది?"

"తుక్కుల వచ్చింది. బాగు చేయించుకున్న." కొంగు ముడిలోంచి చిన్న బటన్ల ఫోను తీసి బల్ల మీద పెట్టింది. దాని వెనక మూత ఊడిపోకుండా రబ్బరు బ్యాండు చుట్టి ఉంది.

"మరి ఆ మగ గొంతు?" అన్నాను.

"మా సూపర్‌వైజర్ది, మేడం. బిహారాయన. పొద్దుందాక గట్లనే ఒర్రుతడు. అంకితమ్మ ఎప్పుడు ఆవాజ్ బంద్ జేసే పెడతది. నిన్న మరిచిపోయినట్టుంది."

హెడ్మాస్టరు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "క్లాసు జరుగుతుంటే కూతురితో ఏం మాట్లాడతావమ్మా?"

"మాట్లాడ సార్. వింట."

"ఏం వింటావ్?"

ఆవిడ మొదటిసారి నా మొహంలోకి చూసింది. "మేడం చెప్పే లెక్కలు."

అబద్ధమేమో అనుకున్నాను. నా అనుమానం ఆవిడకు తెలిసిపోయినట్టుంది.

"మొన్న మీరు వెంకట సాయిని తిట్టలే? కంపెనీల మీ నాయన మీటరు సూసి చెప్తడు, నువ్వు గ్రాఫు సూసి చెప్పలేవారా అని. వాడు ఏడ్చిండు. మల్ల మీరే చాక్లెట్ ఇచ్చిన్రు. మీ గొంతు పోయిన వారం పాఠం సక్కగ వినరాలే. మిరియాల పాల ముచ్చట నేనే చెప్పి పంపిన."

బడి తెరిచినప్పటి నుంచి నా ప్రతి మాట, ప్రతి తిట్టు, ప్రతి దగ్గు ఊరి చివర గోదాంలో సీసాల కుప్పల మధ్య ఒక మనిషి కూర్చుని వింటోందా? ఇన్స్పెక్షనుకు వచ్చిన వాళ్ళు కూడా నా పాఠం అంత శ్రద్ధగా వినలేదు. సిగ్గేసింది, భయమేసింది, ఎందుకో ఏడుపు కూడా వచ్చింది.

మొగులమ్మది బొంతపల్లి పక్క పల్లె. పదో తరగతిలో ఉండగా అక్క పురిటికి తోడు పంపించారు. వచ్చేసరికి పాఠాలన్నీ అయిపోయాయి. అన్నీ పాసై లెక్కల్లో పోయింది. ఆ తర్వాత పెళ్ళి, కూలి, గోదాం. ఇప్పుడు మందుల కంపెనీ ప్యాకింగులో ఆడవాళ్ళను తీసుకుంటున్నారు, నీడపట్టున పని, కానీ పది పాసై ఉండాలి. చేతులకే పని, చెవులు ఖాళీగానే ఉన్నాయి కదా అనుకుంది. ఈ ఏడాది లెక్కల పరీక్షకు ఫీజు కట్టింది.

దశరథ్‌కు ఇదంతా తలకెక్కడానికి కాసేపు పట్టింది. ఎక్కాక ఆయన అడిగిన మొదటి ప్రశ్న: "పది పాసైనవని పెండ్లిల చెప్పిన్రు గద?"

"మా అన్న చెప్పిండు. నేను చెప్పలే."

ఇంద్రజ నవ్వాపుకోలేక కిటికీ వైపు తిరిగింది. దశరథ్ మాత్రం పిడుగు పడ్డవాడిలా బెంచీ మీద కూర్చుండిపోయాడు. ఇన్నేళ్ళుగా చుట్టాలందరికీ నా పెళ్ళాం పది పాసని చెప్పుకు తిరిగిన మనిషి మరి.

"పిల్ల నా కోసం తెచ్చింది సార్. ఎవ్వరికి చెప్పొద్దని నేనే ఒట్టేయించుకున్న." మొగులమ్మ తన ఫోనును కూడా హెడ్మాస్టరు వైపు జరిపింది. "రెండు ఫోన్లు ఉంచుకోండ్రి. పిల్లను మాత్రం బడిల ఉంచుకోండ్రి."

"మరి మీ పరీక్ష?" అన్నాను.

"పోతే పోనీ మేడం. అయినా సగమే సమజైతుండె. మీరు బోర్డు మీద చెయ్యి పెట్టి, ఇది తీసి ఇక్కడ పెడితే పోయె అంటరు. ఏది తీసిన్రు, ఏడ పెట్టిన్రు, నాకెట్ల కనవడ్తది? రాత్రి అంకిత చెప్తది గని, దానికి అప్పటికే నిద్ర."

హెడ్మాస్టరు నా వైపు చూశారు. నేను రబ్బరు బ్యాండు చుట్టిన ఫోను తీసి మొగులమ్మ చేతిలో పెట్టాను. అంకితకు టీసీ ఇవ్వలేదు, దాని ఫోను మాత్రం బీరువాలోకే వెళ్ళింది. ఇప్పటికీ అక్కడే ఉంది. పిల్లలకు తరగతిలో ఫోను వద్దనే నేను ఈ రోజుకీ అంటాను, ఇంద్రజతో ఈ రోజుకీ పోట్లాడతాను.

సోమవారం క్లాసుకు వెళ్ళి నా ఫోను తీసి, ఆ నంబరుకు కలిపి, స్పీకర్ పెట్టి బల్ల మీద ఉంచాను. పిల్లలకు సంగతంతా తెలిసిపోయింది, ఫోను వైపే చూస్తున్నారు. అటునుంచి సీసాల చప్పుడు. బోర్డు మీద చెయ్యి పెట్టి, "ఇది తీసి" అని నాలుక్కరుచుకున్నాను. మళ్ళీ మొదలుపెట్టి, ఏ సమీకరణంలో ఏ సంఖ్యో, దాని ముందున్న గుర్తేమిటో, అది ఎటు వెళ్ళి ఏమైందో పేరుపేరునా చెప్పాను. నోరు నొప్పి పుట్టింది.

"అర్థమైందా?" అన్నాను అలవాటుగా.

"అయింది మేడం!" అని తరగతి మొత్తం అలవాటుగానే అరిచింది.

ఫోనులో సీసాల చప్పుడు ఆగింది. "కాలే మేడం," అంది మొగులమ్మ. "ఇంకోపారి చెప్పుండ్రి."

నా సర్వీసు మొత్తంలో నా తరగతిలో ఎవరూ ఆ మాట అనలేదు. బోర్డు తుడిచి మళ్ళీ మొదలుపెట్టబోయాను. ఇంతలో వెనక బెంచీలోంచి వెంకట సాయి భయం భయంగా చెయ్యెత్తాడు.

"నాగ్గూడ కాలే మేడం."

వాడి పక్కన ఇంకో చెయ్యి లేచింది. ఆ వెనక ఇంకోటి.